రిజెక్టమ్మ మూడో కుండ

నూట అరవై ఎనిమిది. గోడకు బిగించిన మీటరులో ఎర్రటి అంకెలు కదలనంటే కదలనంటున్నాయి. ఆవిడ వచ్చి పది నిమిషాలైంది, స్టూలు లాక్కుని బట్టీకి ఎదురుగా కూర్చుని ఎనిమిది నిమిషాలైంది, ఒక్క డిగ్రీ దిగితే ఒట్టు. సరే, అలుగు, ఎంతసేపు అలుగుతావో నేనూ చూస్తా, పన్నెండింటి దాకా నాకు వేరే పనేం లేదు, అని దానికే చెప్పింది, పైకి కాదు, లోపల్లోపలే. గదిలో పురుగు కూడా లేకపోయినా అరవై దాటిన మనిషి ఇనప పీపాతో మాట్లాడుతుండగా ఎవరైనా చూస్తే బాగుండదు. కరెంటు బట్టీ అది, నడుమెత్తు ఉంటుంది, పైన మూత, నిన్నంతా మండి ఇప్పుడు చల్లారుతోంది. తొంభైకి దిగితే గానీ మూత ఎత్తకూడదని టీచరు గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది. లోపల పదకొండున్నాయి: పళ్ళ డాక్టరు కప్పులు ఆరు, బ్యాంకావిడ పళ్ళేలు నాలుగు, ఆవిడ కుండ ఒకటి. మోచేతంత ఎత్తు కుండ. మూడోది. మొదటి రెండూ బట్టీలో నష్టం చేశాయి గనక ఇది కూడా చేస్తే ఇకమీదట అందరిలా పలచటి పూత తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదని, అది ఇష్టం లేకపోతే క్లాసు మానెయ్యవచ్చని టీచరు నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పిన మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. క్లాసు పోతే పోయింది, అదంత బెంగ కాదు. పన్నెండింటికి కూతురు వస్తోంది, ఈ కుండ చూడ్డానికి. కుండ అనుకున్నట్టు రాకపోతే కూతురికి చెప్పాల్సిన మాట ఆవిడ దగ్గర ఇంకో రూపంలో లేదు, నోటితో చెప్పడం ఆవిడకు చేతకాదు, చేతనయ్యుంటే ఎప్పుడో చెప్పేది.

నూట అరవై ఐదు. ఆ, దారికొస్తున్నావు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు టైల్సు ఫ్యాక్టరీలో బట్టీల పక్కనే బతికిన మనిషికి బట్టీ ఓపిక నేర్పాలా. అక్కడి బట్టీ ఇంత చిన్నది కాదు, రైలుపెట్టెలా ఒక చివర పచ్చి టైలు పోతే ఇంకో చివర కాలిన టైలు వచ్చేది, వచ్చిన ప్రతి టైలూ ఆవిడ చేతికిందుగా పోవాలి. చూపుడువేలు మడిచి కణుపుతో టక్కున ఒక్క దెబ్బ. ఖంగుమంటే మంచిది, డబ్బుమంటే లోపల ఎక్కడో పగులుంది. తర్వాత దీపం కింద వాల్చి ఒక్క చూపు. అంతే, రెండు క్షణాలు. బాగుంటే కుడివైపు, లేకపోతే ఎడమవైపు. ఎడమవైపు గుట్ట పెరిగేకొద్దీ సూపర్వైజరు మొహం చిట్లించేవాడు గానీ ఎదురుచెప్పే ధైర్యం అతనికి లేదు, ఆవిడ వద్దన్న టైలును కొన్నవాడు తిరిగి పంపించిన రోజులు అతనికి గుర్తున్నాయి. రిజెక్టమ్మ అని పేరు పెట్టింది లోడింగు వాళ్ళు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత ఎదురుగానే అన్నారు, చివరికి సెలవుచీటీ మీద కూడా ఎవడో అదే రాశాడు. ఆవిడకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల్లోపల పొంగిపోయేది. ఊరికే వస్తాయా పేర్లు.

లోపాలకు కూడా పేర్లుండేవి. బయటి పుస్తకాల్లో ఏమని రాస్తారో ఎవరికి కావాలి, ఫ్యాక్టరీలో మాత్రం అన్నీ ఒంటి జబ్బుల పేర్లే. పూతలో సూదిబెజ్జాలు పడితే మశూచి. పూత బుడగలు తేలితే పొక్కులు. సన్నటి పగుళ్ళు వెంట్రుకల్లా పాకితే ముసలితనం. పూత వేడికి ముడుచుకుపోయి, అక్కడో తెల్లమచ్చ ఇక్కడో తెల్లమచ్చగా మిగిలి, మధ్యలో మట్టి బయటపడితే అది బొల్లి. బొల్లి, ఎడమకి. బొల్లి, ఎడమకి. రోజుకు ఎన్నిసార్లు అని ఉంటుంది ఆ మాట, యాభైసార్లు, వందసార్లు, ఆకలేస్తున్నా అనేది, నిద్రొస్తున్నా అనేది, కడుపులో ఎనిమిదో నెల బిడ్డను పెట్టుకుని స్టూలు మీద పక్కకి ఒరిగి కూర్చుని కూడా అనేది. ఆ బిడ్డకు తొమ్మిదో ఏట ఎడమ మోకాలి మీద రూపాయంత తెల్లమచ్చ వచ్చింది. స్నానం చేయిస్తూ చూసింది. తన నోట్లో మొదట మెదిలిన మాట ఏమిటో ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు ఇక్కడ ఖాళీ గదిలో తనకు తాను చెప్పుకోడానికి కూడా నాలుక తిరగదు.

లేచి కిటికీ తలుపు ఇంకాస్త తెరిచింది. గాలి చల్లగా వచ్చింది, వద్దు, మీటరు దిగుతుంది గానీ కుండకు మంచిది కాదేమో, మళ్ళీ మూసింది. మూసి మళ్ళీ, మూత మూసే ఉందిగా, గాలి లోపలికెలా పోతుంది, మతి పోయిందే నీకు, అనుకుని నవ్వుకుంది. బల్లమీద మొన్న క్లాసులో వాడిన సామాను అలాగే పడుంది, తడిగుడ్డ కప్పిన మట్టిముద్ద, పప్పుగుత్తి లాంటి చెక్కపిడి, పళ్ళు విరిగిన దువ్వెన, గోనెసంచి ముక్క, లేసు ముక్క, గవ్వలు. ఇవన్నీ మట్టిమీద అచ్చులు వేయడానికి. బ్యాంకావిడ లేసు ఒత్తుతుంది, ఆవిడ పళ్ళేలు పెళ్ళిపిలుపు కార్డుల్లా ఉంటాయి. పళ్ళ డాక్టరు ఏదీ ఒత్తడు, నున్నగా తోమి తోమి వదులుతాడు, తోమడం ఆయన వృత్తి. మీరేం వాడతారు ఆంటీ అని టీచరు అడిగితే ఆవిడ నాలుగు పెట్టెలూ వెతికి ఏదీ నచ్చక చూపుడువేలు మడిచింది. తాళ్ళలా పేనిన మట్టిని చుట్ల మీద చుట్లుగా పేర్చి గోడ లేపాక, అది ఇంకా మెత్తగా ఉండగానే, కణుపుతో టక్కు. పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. ఆ చప్పుడే వేరు, పచ్చిమట్టి ఖంగుమనదు, డబ్బుమనదు, మాట వినే పిల్లలా ఊరికే లోపలికి పోతుంది. కింద అడుగు నుంచి పైన మూతిదాకా మూడు వారాలు తట్టింది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు తట్టిన చేతికి దెబ్బ గుర్తు మిగిలింది ఈ మట్టి మీదే. ఇంటాయన ఒకరోజు క్లాసు నుంచి తీసుకెళ్ళడానికి వచ్చి చూసి, ఇదేమిటి, వడగళ్ళ వానలో పెట్టారా అన్నాడు. ఇంట్లో పనికొచ్చేది చేసుకోరాదూ, నాలుగు గ్లాసులు చెయ్యి అన్నాడు. గ్లాసులు మీరు చేసుకోండి అంది. పెళ్ళయిన ముప్ఫై ఆరేళ్ళకు ఆ ఇంట్లో ఎదురుమాట పుట్టింది ఆ రోజునే, ఆయన పాపం ఆవిడకన్నా ముందే గబగబా ఇంటిదారి పట్టాడు.

నూట నలభై ఒకటి. బట్టీ పక్కనున్న చిన్న బిరడా లాగింది, నూట యాభై కిందికి దిగాక లాగొచ్చని రాసుంది. బెజ్జంలోంచి వేడిగాలి మొహానికి కొట్టింది. ఒక కన్ను మూసి లోపలికి చూసింది. చీకటి. ఎక్కడో కప్పు అంచు ఒకటి తళుక్కుమంది, ఆవిడ కుండ వెనకవైపుంది, కనపడదు. తెలిసీ చూడ్డం ఎందుకో. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు చూసి చేసేదేముంది, అయ్యేదేదో నిన్న పన్నెండు వందల డిగ్రీల దగ్గరే అయిపోయింది. కాకపోతే ఆవిడకు తెలుసు ఎలా రావాలో. కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. ముదురు గోధుమరంగు మట్టి, కాలితే కాఫీగింజ రంగుకొస్తుంది. దానిమీద సన్నటి పొడిమట్టి చల్లి, ఆపైన తెల్లపూత, అందరూ వేసేంత కాదు, మూడింతలు మందంగా. పొడి ఉంటే పూత మట్టిని గట్టిగా పట్టుకోదు. మందంగా ఉంటే ఆరేటప్పుడే చెరువు అడుగులా పగుళ్ళిస్తుంది. బట్టీలో పగుళ్ళ దగ్గర పూత వెనక్కి జరిగి జరిగి, ఎక్కడికక్కడ గుంపుకట్టి, తెల్లటి దీవుల్లా ఆగిపోతుంది. ఇదంతా టీచరు చెప్పింది కాదు. ఇలా చెయ్యకండి అని చెప్పినవన్నీ ఒకచోట చేరిస్తే వచ్చింది. ఏం చేస్తే పాడవుతుందో ముప్ఫై ఒక్క సంవత్సరాలు చూసిన కళ్ళకు బాగా తెలుసు. పాడు చెయ్యడం కూడా ఒక విద్యే, కాకపోతే దానికి బడి లేదు.

మొదటి కుండ మీద పూత మరీ మందమై, ఆరాక పెచ్చులూడి, ఒక పెచ్చు పక్కనున్న డాక్టరు కప్పులో పడి అడుగున కరిగి అతుక్కుపోయింది. ఆయన మంచివాడు. పర్లేదండీ, పన్నులో సిమెంటు పెట్టినట్టుంది అన్నాడు. రెండో కుండ పెచ్చులు కిందికి రాలి బట్టీ లోపలి షెల్ఫుకు అంటుకున్నాయి. టీచరు ఉలి, సుత్తి పట్టుకుని గంటన్నర గీకింది, మోకాళ్ళ మీద కూర్చుని. ఆవిడ సాయం చేస్తానంటే వద్దంది. చిన్నపిల్ల, ముప్ఫై దాటి ఉండవు, ఈ క్లాసు పెట్టుకోడానికి ఉద్యోగం మానేసిందట, బట్టీ అంటే ఆ పిల్లకు ప్రాణం. చెమట తుడుచుకుంటూ అప్పుడే అంది ఆ మాట. ఆంటీ, మీ టెక్స్చరు ఎంత బాగుందో, దానిమీద ఇంత అసహ్యంగా పూత ఎందుకు వేస్తారు, పలచగా వెయ్యండి, నేను నేర్పిస్తాగా. నేర్చుకుంటే రాదా నాకు పలచగా వెయ్యడం. నున్నటిదాన్ని పట్టుకోడంలో నన్ను మించినవాళ్ళు లేరమ్మా ఈ చుట్టుపక్కల. నాకు వద్దు అది. ఎందుకు వద్దో చెప్పాలంటే చాలా చెప్పాలి, ఉలి పట్టుకున్న మనిషికి అదంతా ఏం చెబుతాం, ఇంకొక్క అవకాశం ఇవ్వండి అంది, అంతే.

నూట పన్నెండు. కూతురి మచ్చ మోకాలి నుంచి మోచేతికొచ్చింది, మోచేతి నుంచి చేతివేళ్ళకు, పన్నెండో ఏటికి ఎడమ కన్ను చుట్టూ. ఎందరు డాక్టర్లు, ఎన్ని పూతమందులు, ఎండలో కూర్చోబెట్టడం, ఎండ తగలకుండా దాచడం, ఒకడు పాలు మాన్పిస్తే ఇంకొకడు తాగించమన్నాడు. ఒక పెద్ద డాక్టరమ్మ మాత్రం తిన్నగా చెప్పింది, దీనివల్ల పిల్లకు నొప్పి లేదు, ఎవరికీ అంటదు, మీరు కాస్త ఊరుకుంటే పిల్ల బాగానే ఉంటుంది అని. ఆవిడ ఆ డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. ఊరుకోమన్న డాక్టరు డాక్టరేనా. అప్పుడు మొదలైంది ఆ క్రీము. ఒంటిరంగు క్రీము, చిన్న డబ్బా. బడికి ముందు అరగంట. కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ దగ్గర, ఫ్యాక్టరీలో దీపం కింద టైలును వాల్చినట్టే గడ్డం పట్టుకుని మొహం వాల్చి, వేలితో అద్ది, రుద్ది, అంచులు కలిపి, మళ్ళీ వాల్చి చూసి. నాలుగేళ్ళు. రోజూ. కొత్తది వచ్చిందా అని వెతకడం కూడా అందులో భాగమే, మెడ వెనక, చెవి వెనక. కదలకు. ఇటు తిరుగు. కదలకు. పిల్ల కదిలేది కాదు, కళ్ళు మూసుకుని కూర్చునేది, అది ఓపిక అనుకుంది ఆవిడ. నా కూతురికి ఎంత ఓపికో అని పక్కింటివాళ్ళకు చెప్పుకుంది కూడా. ఛీ.

పదహారో ఏట బడిలో గ్రూపు ఫోటో రోజున ఇంటినుంచి అద్దంలా తయారుచేసి పంపింది. తర్వాత ఫోటో ఇంటికొచ్చింది. మూడో వరసలో పిల్ల, మొహం కడుక్కుని, జుట్టు తడి ఇంకా ఆరకుండా, కన్ను చుట్టూ తెల్లగా, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా నవ్వుతూ. వీధి చివర కుళాయి దగ్గర కడిగేసుకుందట. ఎందుకే ఇలా చేశావు, అందరి ఫోటో పాడుచేశావు కదే అంది ఆవిడ. సరిగ్గా ఆ మాటే అంది, పాడుచేశావు. పిల్ల కొట్లాడలేదు, ఏడవలేదు. ఫోటో తిరిగి తీసుకుంటూ, అమ్మా, నన్ను ఏ వైపు పెడతావు, అని మాత్రం అడిగింది. ఫ్యాక్టరీకి రెండుసార్లు వచ్చి చూసిన పిల్ల, కుడి ఏదో ఎడమ ఏదో దానికి తెలుసు. దానికి జవాబు ఇప్పటిదాకా బాకీ.

ఆ పిల్లే ఇప్పుడు పెద్ద ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే కోచ్. చేతులు, కాళ్ళు, భుజాలు అన్నీ బయటే, రోజంతా వందమంది చూస్తుండగా. ఈత దుస్తుల్లో. ఇంకే ఉద్యోగమూ దొరకలేదా అని ఆయన గొణిగితే, కావాలనే వెతుక్కుంది లెండి, మన మీద కసితో అంది ఆవిడ. తప్పు, కసి కాదు, దానికి నీళ్ళంటే ఇష్టం, చిన్నప్పట్నించీ ఇష్టం, క్రీము కరిగిపోతుందని నీళ్ళలో దిగనివ్వనిది తనే. నాలుగేళ్ళయింది ఉద్యోగంలో చేరి. ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. బస్సెక్కి కొలను గేటు దాకా వెళ్ళి వచ్చేసింది రెండుసార్లు. ఏం చూస్తానని భయమో, లేక ఏం వెతుకుతానని భయమో. ఎందుకంటే కళ్ళకు అలవాటైపోయింది, కూతురు ఇంటికొచ్చినప్పుడల్లా పలకరింపు కన్నా ముందు కళ్ళు పోయి మెడమీద, చేతులమీద లెక్క చూసుకుంటాయి, పెరిగిందా, పెరగలేదా. పిల్ల ఆ చూపును పట్టేస్తుంది. కాఫీ తాగకుండానే పనుందని లేస్తుంది.

ఫ్యాక్టరీ వాళ్ళు కెమెరా పెట్టారు. రెండు క్షణాలు కాదు, రెప్పపాటు, టైలు కింద నుంచి పోతుంటే అదే చూసి అదే పక్కకు తోసేస్తుంది, సెలవు అడగదు, కళ్ళజోడు మార్చక్కర్లేదు. శాలువా కప్పి ఒక గడియారం ఇచ్చి పంపారు. ఇంటికొచ్చిన వారానికే ఆవిడకు అర్థమైంది, ఈ కళ్ళతో ఏం చెయ్యాలో తెలియదని. వంటింట్లో గోడ టైల్సు మీద, పక్కింటావిడ చీర అంచు మీద, ఆయన గెడ్డం మీద, ఎక్కడ వాలితే అక్కడ లోపమే. ఒకరోజు ఆయన అన్నం ముందు కూర్చుని, నన్ను తట్టి చూడకే తల్లీ, డబ్బుమంటానేమో అన్నాడు, హాస్యానికే అన్నాడు. ఆ మర్నాడే వీధి చివర ఈ క్లాసు బోర్డు చూసి లోపలికొచ్చింది. ఒక్కటంటే ఒక్కటి, నేను ఎడమకి తోసినదాన్ని నా చేత్తో చెయ్యాలి. పొరపాటున కాదు, కావాలని. చేసి, ఇదీ అని పది మందిలో పెట్టాలి. కూతురికి ఫోను చేసి, కుండ చేశాను, చూడ్డానికి వస్తావా అంది. నువ్వు కుండ చెయ్యడమేంటమ్మా అని నవ్వింది అది. తర్వాత, వస్తా, కానీ నా మొహం పట్టుకుని వెలుతుర్లోకి తిప్పితే వెళ్ళిపోతా అంది. తిప్పను అంది ఆవిడ.

తొంభై మూడు. బయట స్కూటరు ఆగిన చప్పుడు. టీచరు లోపలికొస్తూనే మీటరు చూసింది, వెనకే పళ్ళ డాక్టరు, ఆయన వెనక బ్యాంకావిడ.

"ఎప్పుడొచ్చారు ఆంటీ? మూత తియ్యలేదు కదా?"

"తొంభై అన్నారుగా. కాపలా కాస్తున్నా."

టీచరు మొహంలో ఏదో దాచుకున్న సంతోషం ఉంది, అదేమిటో అని ఆవిడ ఒక్క క్షణం అనుకుంది గానీ అప్పటికే తోలు చేతితొడుగులు వేసుకుని ఆ పిల్ల మూత ఎత్తింది. వేడి కప్పుదాకా లేచింది. డాక్టరు కప్పులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి, నీలం, ఆకుపచ్చ, వరసగా. పళ్ళేలు వచ్చాయి, ఒకదాని లేసు చుక్కల్లో పూత నిండి బాగుంది. ఆవిడ మునివేళ్ళ మీద లేచి లోపలికి తొంగిచూసింది, ముసలిదానివి, పరీక్ష పేపరు కోసం నిలబడ్డ పిల్లలా ఏమిటిది. తర్వాత టీచరు రెండు చేతులా కుండను పైకెత్తి బల్లమీద పెట్టింది.

తెల్లగా ఉంది. అడుగు నుంచి మూతిదాకా ఒకే తెలుపు, పలచగా, నున్నగా, కిటికీ మొత్తం అందులో కనపడేంత మెరుపు. ఒక్క చోట మట్టి బయటపడలేదు. కణుపు గుంటల్లో కూడా పూత సమంగా దిగి ఆగింది. బొట్టు కారలేదు, పెచ్చు లేవలేదు, బెజ్జం లేదు. ఆవిడ కళ్ళు వాటంతట అవే రెండు క్షణాల్లో మొత్తం చూసేశాయి. ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో ఇంత మంచి పూత ఆవిడ చేతికింద పది కూడా పోయుండదు. కుడివైపు. కళ్ళు మూసుకుని కుడివైపు పెట్టొచ్చు.

"అమ్మో, హోటల్లో పెట్టేలా ఉంది కదండీ," అన్నాడు డాక్టరు, మనస్ఫూర్తిగా. బ్యాంకావిడ ఫోను తీసి ఫోటో తీసుకుంది. టీచరు ఇంక ఆగలేకపోయింది.

"ఆంటీ, మీకు ముందే చెబితే ఒప్పుకోరని చెప్పలేదు. మొన్న బట్టీ సర్దుతుంటే చూశా, పూత మొత్తం పగుళ్ళు. అలాగే పెడితే ఇదీ పోయేది. తడి స్పాంజితో పైపూత తుడిచేసి, మిగిలిన పగుళ్ళన్నీ వేలితో రుద్ది పూడ్చేశా. రెండు గంటలు పట్టింది తెలుసా? మన క్లాసు ఎగ్జిబిషన్‌లో ముందు వరసలో ఇదే."

రుద్ది. పూడ్చి. ఆవిడ ఆ పిల్ల వేళ్ళు చూసింది, సన్నటి వేళ్ళు, ఎంత శ్రద్ధగా రుద్దాయో, ఎంత ప్రేమగా అంచులు కలిపాయో కుండే చెబుతోంది. ఏం పాపం తెలుసు ఈ పిల్లకు. నాకేం తెలుసని అప్పుడు. తిట్టాలని నోటిదాకా వచ్చిన మాట తిరిగి తన మీదికే వచ్చి పడింది, ఏమని తిడుతుంది, నాలుగేళ్ళు రోజూ అరగంట తను చేసిందదే కదా, ఎవరైనా అడ్డుపడి ఉంటే బిడ్డను కాపాడుకుంటున్నా అనే కదా అనేది. అలాగని ఊరుకుంటుందా. ఊరుకోదు. గుండెలో నొప్పి నొప్పే, కోపం కోపమే, రెండూ నిప్పులాగే ఉన్నాయి.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. కూతురు. పొట్టిచేతుల చొక్కా, తడి ఆరని జుట్టు, కొలను నుంచి తిన్నగా వచ్చినట్టుంది. అందరికీ నమస్కారం పెట్టి బల్ల దగ్గరికొచ్చి కుండ చుట్టూ తిరిగి చూసింది. ముట్టుకోబోయి వేడి తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాగుందమ్మా," అంది. బంధువులింట్లో పెట్టిన టీ బాగుందన్నట్టు. "నీ పని కదా, ఒక్క మచ్చ లేదు."

అంతే. అంతకన్నా ఏమనాలి అది. ఇంకో నిమిషం నిలబడి, వాచీ చూసుకుని, పనుందమ్మా అంటుంది, వెళ్ళిపోతుంది, ఇక మళ్ళీ పిలిస్తే రాదు. ఆవిడ కూతురి మొహంలోకి చూసింది. మెడకేసి కాదు, చేతులకేసి కాదు, మొహంలోకే.

"ఇది కాదే," అంది. "నేను చేసింది ఇది కాదు. ఆగు."

మూలనున్న బకెట్టు మూత తీసింది. తెల్లపూత, పైన నీరు తేలి కింద చిక్కగా పేరుకుని ఉంది. పైనీరు వంచేసి, చేత్తో అడుగుదాకా కలిపి, గరిటె తీసుకుంది. టీచరుకు అప్పటికి అర్థమై ముందుకొచ్చింది.

"ఆంటీ, ఏం చేస్తున్నారు? అది ఒకసారి కాలిపోయింది. గాజులా ఉంది, దానిమీద పూత నిలవదు."

"కుండ వేడిగా ఉందిగా. వేడిమీద పట్టుకుంటుంది, ఆరుతూనే పగులుతుంది. అదే కావాలి."

"ఇంత బాగా వచ్చినదాన్ని..."

"బాగానే వచ్చింది టీచరమ్మా. మీ చెయ్యి మంచిది, నాకంటే మంచిది. కానీ అది నా కుండ."

గరిటెడు పూత కుండ భుజం మీద పోసింది. చుయ్యిమని ఆవిరి లేచింది. బ్యాంకావిడ అయ్యయ్యో అంది. ఇంకో గరిటె. తెలుపు మీద తెలుపు, చిక్కగా, గడ్డలుగా, కణుపు గుంటల్లో నిలిచి, కొన్నిచోట్ల ఆగి, కొన్నిచోట్ల కిందికి జారుతూ, అంచుల్లో ఆరిన చోటల్లా సన్నగా పగులు విచ్చుకుంటూ. డాక్టరు తన కప్పుల్ని మెల్లగా అవతలికి జరుపుకున్నాడు. నాలుగో గరిటె పోశాక ఆవిడ బకెట్టు కింద పెట్టి, తడిగుడ్డ తీసి, మట్టిముద్ద తుంచి బల్లమీద చరిచింది.

"దీని కింద పెట్టడానికి మట్టి పళ్ళెం చేస్తా, అంచులు లేపి. రాలినవన్నీ దాంట్లోనే పడతాయి. మీ షెల్ఫుకు చుక్క అంటదు, మీరు గీకక్కర్లేదు. ఒప్పుకుంటే వచ్చే వారం కాల్చండి. ఒప్పుకోకపోతే ఇంకో బట్టీ ఎక్కడుందో చెప్పండి, మోసుకుపోతా. తెల్లగా పలచగా మాత్రం నేను వెయ్యను. ఇక ఈ జన్మలో వెయ్యను."

టీచరు చేతితొడుగులు విప్పి బల్లమీద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెండు గంటల పని మరి. చివరికి, "పళ్ళెం అర అంగుళం మందం ఉండాలి ఆంటీ. లేకపోతే వంగిపోతుంది," అంది.

కూతురు బల్లమీదికి వంగి, ఆరుతున్న పూతను, విచ్చుకుంటున్న పగుళ్ళను చూస్తోంది. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు, చిన్నప్పట్నించీ చురుకైన పిల్ల. ఒక పెద్ద బొట్టు కుండ పక్కగా జారి జారి అడుగు దగ్గరికి వచ్చేస్తుంటే, అది బల్లమీద పడుతుందేమోనని దాని చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, వేలితో అద్దడానికి. ఆవిడ మట్టిచేత్తోనే ఆ చెయ్యి పట్టుకుంది, తెల్లగా ఉన్నచోటే, మణికట్టు దగ్గర.

"తుడవకు," అంది. "ఎక్కడ ఆగాలో దానికి తెలుసు."

కూతురు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.